చదువు–కొలువు: యంత్రం రాసుకునే చిట్టా

సైబర్ భద్రత చదువు గురించి గత సంచికలో కొంత రాసి, సందేహాలుంటే పంపమన్నాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచే వచ్చాయి. చాలా సంతోషం కలిగింది. నేను పుట్టి పెరిగింది పర్లాకిమిడిలో. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య చదువుకున్న పిల్లల బెంగ నాకు బాగా తెలుసు. పద్నాలుగేళ్లు హైదరాబాదులో, కంపెనీల నెట్‌వర్కులను రాత్రింబవళ్లు కనిపెట్టి ఉండే కేంద్రంలో పనిచేశాను. ఇప్పుడు బరంపురంలో ఉంటున్నాను. పేర్లు వేయవద్దని కొందరు కోరారు కనుక అందరివీ ఊరి పేర్లతోనే ఇస్తున్నాను.

*మా అబ్బాయి ప్లస్ టూ సైన్సు పూర్తిచేశాడు. జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఒడిశా కౌన్సెలింగులో సీటు వచ్చేలా ఉంది. ఒక కళాశాలలో మామూలు కంప్యూటర్ సైన్సు, మరొక చోట సైబర్ సెక్యూరిటీ పేరుతో ప్రత్యేక విభాగం. నేను బడిపంతులును, ఈ రంగం నాకు తెలియదు. ఏది మంచిది?*
— ఒక తండ్రి, గుణుపురం

మాస్టారూ, బోర్డు మీద పేరును పక్కన పెట్టి ముందు రెండు కళాశాలల పాఠ్యప్రణాళికలూ తెప్పించుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ నెట్‌వర్కులు, డేటాబేసులు, డేటా స్ట్రక్చర్లు, కాస్త గణితం. ఈ ఐదూ రెండు చోట్లా పూర్తి స్థాయిలో ఉంటే ప్రత్యేక విభాగంలో చేరడానికి అభ్యంతరం లేదు. వీటిలో ఒకటి రెండు తగ్గించి, ఆ స్థానంలో ‘ఎథికల్ హ్యాకింగ్’ వంటి ఆకర్షణీయమైన పేర్లు పెట్టి ఉంటే మాత్రం మామూలు కంప్యూటర్ సైన్సే తీసుకోమంటాను. నా మాట గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే పునాది లేకుండా వచ్చిన పిల్లలు ఉద్యోగంలో పడే ఇబ్బంది దగ్గరుండి చూశాను.

ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. 2017 మే 12న వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతా పాకి, కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. అది దూరిన కన్నం విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతిలో ఉంది. దాన్ని పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. అంటే రెండు నెలల ముందే మందు వచ్చింది, వేసుకోని వాళ్లు పడిపోయారు. ఈ కథను అర్థం చేసుకోవాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ తెలియాలి, నెట్‌వర్కులో పోర్టు అంటే ఏమిటో తెలియాలి, ఒక పెద్ద సంస్థలో వేల కంప్యూటర్లకు ప్యాచ్ వేయడం ఎందుకు ఆలస్యమవుతుందో తెలియాలి. భద్రత అనే పాఠం వీటన్నిటి తర్వాత వస్తుంది.

ఇంకొక పని చేయండి. సీటు ఖాయం చేసుకునే ముందు అబ్బాయిని తీసుకుని రెండు కళాశాలలకూ స్వయంగా వెళ్లండి. ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో, తరగతి వేళలు అయ్యాక పిల్లలను అందులో కూర్చోనిస్తారో లేదో అడగండి. మూడో సంవత్సరం విద్యార్థి ఎవరైనా కనబడితే, ‘ఈ సెమిస్టరులో నీ చేత్తో నువ్వు చేసిన పని ఒకటి చూపించు బాబూ’ అనండి. ముప్పై ఏళ్లుగా పిల్లల ముఖాలు చదువుతున్న మీకు ఆ సమాధానంలోనే కళాశాల సంగతి తెలిసిపోతుంది.

*నేను బీసీఏ రెండో సంవత్సరం. సైబర్ భద్రతలో ఉద్యోగం చేయాలని ఉంది. మా కళాశాలలో దీనికి ప్రత్యేక ల్యాబ్ లేదు. నా దగ్గర ఉన్నది నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. యూట్యూబులో చెప్పినట్టు కాలీ లైనక్స్ వేయబోతే యంత్రం కదలడం లేదు. కొత్తది కొనమని ఇంట్లో అడగలేను. నేను ఈ ఆలోచన మానుకోవాలా?*
— ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

మానుకోవద్దు తల్లీ. నీ ల్యాప్‌టాప్ సరిపోతుంది. కాలీ అంటే భద్రతను పరీక్షించే పనిముట్ల పెట్టె. సుత్తి, ఉలి, రంపం అన్నీ ఒకేచోట సర్ది ఇస్తారు. పెట్టె కొన్నంత మాత్రాన వడ్రంగి కాలేము కదా. ఒక కంప్యూటరులో ఇంకొక కంప్యూటరును నడిపించాలంటే నాలుగు జీబీ చాలదు, నిజమే. కానీ నువ్వు మొదటి ఏడాది నేర్చుకోవలసిన వాటికి ఆ అవసరమే రాదు.

ఈ ఆదివారం ఇలా చేసి చూడు. ల్యాప్‌టాప్‌లో పైథాన్ వేసుకో. ఒక కొత్త ఫోల్డరులో నీకు నచ్చిన రెండు వాక్యాలతో చిన్న వెబ్ పేజీ రాసి పెట్టు. పైథాన్‌తో పాటే ఒక చిన్న వెబ్ సర్వరు వస్తుంది. ఆ ఫోల్డరులో నిలబడి ఒక్క ఆదేశమిస్తే అది లేచి, 8000 నంబరు పోర్టు (యంత్రంలోకి వచ్చే తలుపు నంబరు అనుకో) దగ్గర కాచుకుని ఉంటుంది. ల్యాప్‌టాప్‌నూ మీ అమ్మగారి ఫోనునూ ఒకే వైఫైకి కలిపి, ఫోను బ్రౌజరులో ల్యాప్‌టాప్ ఐపీ చిరునామా (నెట్‌వర్కులో దాన్ని గుర్తించే నంబరు), దాని పక్కన కోలన్ (:) పెట్టి పోర్టు నంబరు కొట్టు. నీ రెండు వాక్యాలూ ఫోనులో కనబడతాయి. ఫైర్‌వాల్ అనుమతి అడిగితే ఇంటి నెట్‌వర్కుకు మాత్రమే ఇవ్వు, పని అయ్యాక సర్వరును ఆపేయి.

ఇప్పుడు ఫోను వదిలేసి ల్యాప్‌టాప్ తెర చూడు. అక్కడ ఒక వరుస పడి ఉంటుంది. మొదట ఫోను ఐపీ చిరునామా, తర్వాత తేదీ, సమయం, ఫోను అడిగిన పేజీ, చివర 200 అనే అంకె. అడిగింది దొరికిందని దానికి అర్థం. లేని పేజీ పేరేదైనా కొట్టి చూడు, 404 పడుతుంది. అంతటితో ఆగకుండా ఇంకాస్త జాగ్రత్తగా చూస్తే, నువ్వు అడగని వరుస ఒకటి సాధారణంగా కనబడుతుంది. ‘ఫేవికాన్’ అనే ఫైలు కోసం ఎవరో అడిగారు, దొరకలేదని 404 పడింది. నువ్వు అడగలేదు, మీ అమ్మగారూ అడగలేదు. మరి ఎవరు అడిగారు?

బ్రౌజరే అడిగింది. ట్యాబు మీద పేజీ పేరు పక్కన కనిపించే చిన్న బొమ్మ కోసం అది తనంతట తానే అడుగుతుంది. సమాధానం చాలా చిన్నది. కానీ ‘ఇది నేను అడగలేదే’ అని నువ్వు ఆగిన ఆ క్షణం ఉంది చూశావా, నేను పద్నాలుగేళ్లు జీతం తీసుకున్నది దానికే. ఈ వరుసలను మేము లాగ్ అంటాం. మన పాత మాటలో చెప్పాలంటే చిట్టా. జరిగింది జరిగినట్టు, ఏ పూటది ఆ పూట, యంత్రం రాసుకునే చిట్టా. అందులో మామూలు వరుసలు ఎలా ఉంటాయో కంటికి అలవాటైతే, మామూలు కానిది దానంతట అదే కంట్లో పడుతుంది.

రెండో వారం వైర్‌షార్క్ వేసుకో. నెట్‌వర్కులో పోయే సమాచారాన్ని చూపించే పనిముట్టు, ఉచితమే. అదే పేజీని ఫోనులో మళ్లీ తెరిచి, 8000 పోర్టు మీదుగా పోయే ప్యాకెట్లను, అంటే సమాచారపు చిన్న ముక్కలను, మాత్రమే చూడు. అసలు పేజీ కదలకముందే మూడు చిన్న ప్యాకెట్లు అటూ ఇటూ వెళతాయి. ‘మాట్లాడవచ్చా’, ‘మాట్లాడు, నేనూ మాట్లాడతాను’, ‘సరే’. నెట్‌వర్కుల పుస్తకంలో టీసీపీ త్రీ వే హ్యాండ్‌షేక్ అని నువ్వు పది మార్కుల కోసం బట్టీ పట్టింది అదే. తర్వాత ప్యాకెట్టులో నీ రెండు వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా కనబడతాయి. మధ్యలో కూర్చున్న ఎవరికైనా అలాగే కనబడతాయి. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోనే ఏదైనా బ్యాంకు పేజీ తెరిచి, ఆ ప్యాకెట్లను చూడు. అర్థం లేని అక్షరాల కుప్ప తప్ప పేజీలో ఏముందో తెలియదు. హెచ్‌టీటీపీ చివర ఎస్ అనే ఒక్క అక్షరం చేసే పని కళ్లతో చూశాక, గుప్తలిపి పాఠం మీద నీకే ఆసక్తి పుడుతుంది.

ఆ తర్వాత ఓవర్ ద వైర్ వారి బాండిట్ అనే ఆట మొదలుపెట్టు. అది కూడా ఉచితం. నల్లటి తెర మీద లైనక్స్ ఆదేశాలతో ఒక్కో మెట్టులో దాచిన పాస్‌వర్డు వెతికి పట్టుకుని, దానితో తర్వాతి మెట్టు ఎక్కాలి. ముప్పైకి పైగా మెట్లున్నాయి. యంత్రం మీద బరువు పడదు, డేటా పెద్దగా ఖర్చు కాదు. మొదటి పది మెట్లకు నాకు తెలిసిన పిల్లలకు వారం నుంచి నెల దాకా పట్టింది. ఇంటర్నెట్టులో జవాబులు దొరుకుతాయి. చూడవద్దు. ఒక మెట్టు మీద మూడు రోజులు ఇరుక్కుపోతే ఆ మూడు రోజులూ వృథా కావు.

ఒక రూళ్ల నోటుపుస్తకం కొనుక్కో. ప్రతిసారీ తేదీ వేసి, ఏం చేశావో, ఏమవుతుందని అనుకున్నావో, ఏమైందో, ఏది అర్థం కాలేదో తెలుగులోనే రాసుకో. రెండేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో ‘నీకు ఏం వచ్చు’ అని అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పడానికి ఆ పుస్తకమే ఆధారం. నేను ఇంటర్వ్యూ చేసిన వాళ్లలో, ఫేవికాన్ వంటి ఒక చిన్న సంగతిని మొదటి నుంచి చివరిదాకా విడమరచి చెప్పిన అమ్మాయిని వెంటనే తీసుకున్నాం. ఇరవై పనిముట్ల పేర్లు వల్లించిన వాళ్లను తీసుకోలేదు.

*మా కళాశాల ఫలితాల వెబ్‌సైటులో నా మార్కుల పత్రం తెరిచాను. పైన చిరునామాలో నా రోల్ నంబరు ఉంది. చివరి అంకె మార్చి చూస్తే పక్కవాడి పత్రం తెరుచుకుంది. ఆశ్చర్యమేసి ఇంకో పది పన్నెండు మార్చి చూశాను. ఇద్దరు స్నేహితులకు చూపించాను కూడా. కళాశాలకు చెబితే మెచ్చుకుంటారా, శిక్షిస్తారా? బగ్ బౌంటీ డబ్బు వస్తుందని ఒక స్నేహితుడు అంటున్నాడు.*
— బీటెక్ విద్యార్థి, బరంపురం

బాబూ, నీ ఉత్తరం అందిన రోజు మిగతావన్నీ పక్కన పెట్టి దీనికే జవాబు రాశాను. సంచిక వచ్చేదాకా ఆగకుండా నీకు విడిగా కూడా పంపాను. మిగతా పాఠకులకు కూడా పనికొస్తుందని ఇక్కడ ఇస్తున్నాను.

ముందుగా, నువ్వు చూసింది నిజమైన లోపమే. లోపలికి వచ్చింది ఎవరో సైటు అడిగింది, కానీ ఈ పత్రం చూసే హక్కు ఇతనికి ఉందా అని అడగలేదు. వెబ్ లోపాల మీద ఓడబ్ల్యూఏఎస్‌పీ అనే సంస్థ వేసే పది లోపాల జాబితాలో, 2021లో మొదటి స్థానం ఈ తరహా లోపానిదే. కనిపెట్టిన కన్ను మంచిదే.

కానీ తప్పు ఎక్కడ జరిగిందో కూడా చెప్పాలి. మొదటిసారి అంకె మారడం పొరపాటనుకోవచ్చు. రెండోసారి నుంచి అది పొరపాటు కాదు. తలుపు తెరిచి ఉందని పక్కింట్లోకి వెళ్లి బీరువా చూడం కదా. సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులోకి వెళ్లడాన్ని, అందులోని సమాచారం తీసుకోవడాన్ని తప్పంటుంది. దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నీకు దురుద్దేశం లేదని నేను నమ్ముతున్నాను. అది ఎదుటివాళ్లకు కూడా కనబడేలా ఇప్పుడు నడుచుకోవాలి.

ఇక ఒక్క పత్రం కూడా తెరవకు. సరిచేశారో లేదో చూద్దామని కూడా తెరవవద్దు. ఎవరి మార్కుల పత్రమైనా నీ ఫోనులో ఉంటే దాన్ని ఎవరికీ పంపకు. నీకు నమ్మకమున్న అధ్యాపకుడికి ఈ రోజే నోటితో చెప్పి, ఆయన్ని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లు. ఒక పేజీ ఉత్తరం తీసుకెళ్లు. ఏ తేదీన, ఏ సమయంలో, ఏ పేజీలో, ఏం మార్చితే ఏం కనబడిందో రాయి. ఎన్ని పత్రాలు తెరిచావో నిజమైన అంకె రాయి. స్నేహితులకు చూపించిన సంగతి కూడా రాయి. దాచితే తర్వాత చిట్టాలో ఎలాగూ బయటపడుతుంది. నీ ఫోను చిరునామా, సమయం, అడిగిన పేజీ, పక్కన 200 అనే అంకె, అన్నీ వాళ్ల సర్వరులో వరుసగా పడే ఉంటాయి. పైన పర్లాకిమిడి అమ్మాయికి చెప్పింది నీకూ వర్తిస్తుంది.

డబ్బు మాట ఎత్తవద్దు. బగ్ బౌంటీ అంటే, ‘మా సైటులో ఈ భాగాల్లో, ఈ నియమాలతో లోపాలు వెతకండి, దొరికితే బహుమతి ఇస్తాం’ అని సంస్థ ముందే ప్రకటించడం. ప్రకటన లేని చోట లోపం చూపించి డబ్బు అడిగితే దాన్ని బెదిరింపు కిందే తీసుకుంటారు. నా వృత్తిలో, కంపెనీలే పిలిచి మా తలుపులు పరీక్షించండని అడిగినప్పుడు కూడా, సంతకం పడిన కాగితం చేతికి రానిదే ఒక్క ఆదేశం కొట్టలేదు. ఏ చిరునామాలు ముట్టుకోవచ్చు, ఏవి ముట్టుకోకూడదు, ఏ తేదీల్లో, ఏ వేళల్లో, ఏదైనా ఆగిపోతే అర్ధరాత్రి ఎవరికి ఫోను చేయాలి, అన్నీ అందులో ఉంటాయి. దొంగకూ మాకూ చేసే పనిలో తేడా చాలా తక్కువ. ఆ కాగితమే తేడా.

కళాశాల పట్టించుకోకపోతే నువ్వు ఊరంతా చాటవద్దు. దేశంలో ఇలాంటి లోపాల సమాచారం తీసుకోవడానికి సెర్ట్‌–ఇన్ ఉంది. 2004 నుంచి పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. లోపం వివరాలు రాసి వాళ్లకు ఈమెయిలు పంపవచ్చు.

(ఈ సంచిక అచ్చుకు వెళ్లే ముందు ఈ అబ్బాయి దగ్గర నుంచి మళ్లీ ఉత్తరం వచ్చింది. అధ్యాపకుడితో కలిసి వెళ్లి చెప్పాడట. గట్టిగా మందలించారు, లోపం సరిచేశారు. నా ప్రాణం కుదుటపడింది.)

*మా అమ్మాయికి హైదరాబాదులో సెక్యూరిటీ కేంద్రంలో ట్రెయినీ ఉద్యోగం వచ్చింది. వారంలో కొన్ని రాత్రి షిఫ్టులు ఉంటాయన్నారు. వాళ్ల నాన్నగారు ఒప్పుకోవడం లేదు. కంప్యూటర్లకు రాత్రిపూట కాపలా ఎందుకమ్మా?*
— ఒక తల్లి, రాయగడ

అమ్మా, దొంగలు మనం నిద్రపోయే వేళ చూసుకునే వస్తారు కనుక. 2016 ఫిబ్రవరి 4న, గురువారం రాత్రి, బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు పేరుతో, దాని సొమ్ము దాచిన అమెరికా బ్యాంకుకు దొంగ చెల్లింపు ఆదేశాలు వెళ్లాయి. మర్నాడు శుక్రవారం అక్కడ వారపు సెలవు. ఆ తర్వాత అమెరికాలో శనాదివారాలు. తేరుకునే లోపల 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్ చేరిపోయాయి. శ్రీలంకకు పంపబోయిన ఇంకో 2 కోట్ల డాలర్లు ఎలా ఆగాయో తెలుసా? గ్రహీత పేరులో ఫౌండేషన్ అన్న మాట స్పెల్లింగు తప్పుగా ఉంది. మధ్యలో ఉన్న బ్యాంకులో ఎవరికో అనుమానం వచ్చి ఆపారు. మన దేశంలో 2018 ఆగస్టులో పుణెలోని కాస్మోస్ బ్యాంకు నుంచి సుమారు 94 కోట్ల రూపాయలు పోయినప్పుడు కూడా, దాడి మొదలైంది ఆగస్టు 11న, శనివారం.

రాత్రి షిఫ్టు కష్టమే, కాదనను. మొదటి ఆరు నెలలు నాకు నిద్ర, ఆకలి రెండూ తప్పాయి. వాళ్ల నాన్నగారి భయం కూడా అర్థం చేసుకోదగిందే. సంస్థను మూడు సంగతులు రాతపూర్వకంగా అడగమనండి: ఇంటి గుమ్మం నుంచి గుమ్మం దాకా వాహనం ఇస్తారా, రాత్రి షిఫ్టులో ఇంకెంతమంది ఆడవాళ్లుంటారు, నెలకు ఎన్ని రాత్రులు. సూటిగా చెప్పని సంస్థలో చేరనక్కర లేదు. చెబితే మాత్రం పంపండి. ఆ కేంద్రంలో రెండేళ్లు పనిచేస్తే వచ్చే అనుభవం ఏ కోర్సులోనూ రాదు. నేను వెళ్లిన మొదటి రాత్రి మా అమ్మ రాయగడ మజ్జిగౌరమ్మకు మొక్కుకుంది. ఆ తర్వాత నెలకు మా నైట్ షిఫ్టు స్నేహితురాళ్లందరికీ అరిసెలు పంపింది.

*ఒక శిక్షణ సంస్థ ఆరు నెలల కోర్సుకు 85 వేలు అడుగుతోంది. సర్టిఫికెట్టుతో పాటు నూరు శాతం ఉద్యోగ హామీ అంటున్నారు. చేరవచ్చా?*
— డిగ్రీ చివరి సంవత్సరం, ఛత్రపురం

చేరవద్దు. ఉద్యోగం ఇచ్చేది ఆ సంస్థ కాదు కనుక ఆ హామీకి విలువ లేదు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక స్వయంలోని ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఐఐటీ అధ్యాపకులు చెప్పేవి, వినడానికి రుసుము లేదు. సర్టిఫికెట్టు కావాలంటే పరీక్షకు మాత్రమే కొంత కట్టాలి. వెబ్ భద్రతకు పోర్ట్‌స్విగ్గర్ వారి అకాడమీ ఉచితం. ముందు వీటితో ఆరు నెలలు కూర్చోండి. అప్పటికీ ఆసక్తి నిలిస్తే సెక్యూరిటీ ప్లస్ వంటి ప్రాథమిక పరీక్ష ఒకటి రాయండి. డిగ్రీ తర్వాత చదువుకోవాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ–డాక్ వారి పీజీ డిప్లొమాలో ఈ విషయానికే ఒక శాఖ ఉంది. మీ ఇంట్లో ఆ 85 వేలు అప్పు తెచ్చి కట్టాలనుకుంటున్నారేమోనని నా భయం. దయచేసి వద్దు.

*నేను బీకాం. లెక్కలంటే ఇష్టం కానీ ప్రోగ్రామింగ్ రాదు. ఈ రంగంలో నాకు చోటుందా?*
— జయపురం

తప్పక ఉంది. మా నాన్నగారు పర్లాకిమిడిలో ఒక బియ్యం కొట్టులో గుమాస్తా. రాత్రి ఎనిమిదింటికి చిట్టా తెరిచి ఆ రోజు పద్దులన్నీ ఆవర్జాలోకి, అంటే ఖాతాల పుస్తకంలోకి, ఎక్కించేవారు. పదకొండు రూపాయలు తేడా వచ్చినా అన్నానికి లేచేవారు కాదు. ‘చిన్న తేడా వదిలేస్తే, పెద్దది వచ్చినప్పుడు ఎక్కడ మొదలైందో దొరకదమ్మా’ అనేవారు. ఉద్యోగంలో చేరాక ఒక సంగతి చదివి ఆయనే గుర్తొచ్చారు. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడికి కంప్యూటర్ వాడకం పద్దులో 75 సెంట్ల తేడా కనబడింది. ఎవరో లెక్కకు రాకుండా కొద్ది క్షణాలు యంత్రాన్ని వాడుకున్నారు. వదిలేయకుండా నెలల తరబడి వెంబడిస్తే, అది జర్మనీ నుంచి అమెరికా సైనిక కంప్యూటర్లలోకి చొరబడి సోవియట్ గూఢచారులకు సమాచారం అమ్ముతున్న మనిషి దాకా వెళ్లింది.

మీవంటి వారికి ఆడిట్, నిబంధనల అమలు అనే శాఖ ఉంది. సెర్ట్‌–ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, అందులో పేర్కొన్న తరహా సైబర్ ఘటన జరిగితే సంస్థలు తెలిసిన ఆరు గంటల్లో తెలియజేయాలి, 180 రోజుల లాగులు భద్రపరచాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది. వీటిని సంస్థ పాటిస్తోందా లేదా అని కాగితాలు చూసి, మనుషులను అడిగి, నివేదిక రాసేవాళ్లు కావాలి. ఐఎస్ఓ 27001 అనే సమాచార భద్రత ప్రమాణం గురించి చదవడం మొదలుపెట్టండి. నెట్‌వర్కుల ప్రాథమిక పాఠాలు మాత్రం మీరు కూడా తప్పించుకోలేరు. ప్రోగ్రామింగ్ కూడా కొంచెం కొంచెం వస్తుంది, భయపడకండి.

*నాకు విషయం అర్థమవుతుంది కానీ ఇంగ్లీషులో రాయడం రాదు. ఇంటర్వ్యూలో తేలిపోతానని భయం.*
— పాతపట్నం నుంచి రోజూ పర్లాకిమిడి కళాశాలకు వచ్చే విద్యార్థి

ఈ భయం నాకూ ఉండేది, దాని వల్ల ఒకసారి పెద్ద పొరపాటు చేశాను. ఉద్యోగంలో చేరిన మూడో నెల, తెల్లవారుజామున మూడు గంటలు. ఒకే ఉద్యోగి ఖాతా అరగంట తేడాతో రెండు దూరపు నగరాల నుంచి తెరిచినట్టు అలర్ట్ వచ్చింది. ఆ ఉద్యోగి, ఉన్న ఊరిని వేరుగా చూపించే వీపీఎన్ వంటివి వాడతాడని ఎవరో చెప్పిన గుర్తు. ఇంగ్లీషులో అంతా రాయడానికి జంకి, ‘సాధారణం’ అనే అర్థం వచ్చే ఒక్క మాట రాసి మూసేశాను. పొద్దున షిఫ్టుకు వచ్చిన సీనియర్ దాన్ని తిరిగి తెరిచారు. ఆ పాస్‌వర్డు నిజంగానే పరాయి చేతుల్లో పడింది. నష్టం జరగకముందే ఆయన పట్టుకున్నారు. నన్ను తిట్టలేదు. ‘ఎందుకు సాధారణం అనుకున్నావో నాలుగు ముక్కలు రాసి ఉంటే, ఆ రాతలోనే నీ అనుమానం నీకు కనబడేది’ అన్నారు.

ఈ పనికి కావలసిన ఇంగ్లీషు చాలా తక్కువ. ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఏం చేశారు, నేను ఏం చూశాను, ఎందుకు ఇలా అనుకుంటున్నాను. పొట్టి వాక్యాలు చాలు. రోజుకు ఒకటి చొప్పున, ముందు తెలుగులో రాసి తర్వాత ఇంగ్లీషులో రాయండి. మీరు చదువుతున్న ఊరిలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు బడి పాఠాలు చెప్పారు, సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చి వ్యాకరణం, నిఘంటువు రాశారు. చదివేవాడికి అర్థమయ్యే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడారు. మా వృత్తిలో మంచి నివేదిక అంటే కూడా అదే.

*నేను పదకొండో తరగతి. ఇప్పుడే ఏం మొదలుపెట్టాలి?*
— కాశీనగరం

గణితం శ్రద్ధగా చదువుకో. పైథాన్ మెల్లగా మొదలుపెట్టు. ఈ వారంలో మాత్రం మీ తాతమ్మ, మామ్మ, ఇంట్లో అందరి ఫోనులూ ఒక్కొక్కటిగా తీసుకుని, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, వాట్సాప్‌కు రెండంచెల రక్షణ పెట్టు. వాళ్లకు తెలియకుండా పెట్టవద్దు, పిన్ నంబరు వాళ్లే ఎంచుకోవాలి. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకూడదని నాలుగుసార్లు చెప్పు, విసుక్కోకుండా చెప్పు. గోడ మీది క్యాలెండరులో పెద్ద అంకెలతో 1930 అని రాసి పెట్టు. సైబర్ మోసంలో డబ్బు పోయినట్టు తెలిసిన మరుక్షణం చేయవలసిన ఫోను అది. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఎవరి ఫోనులో ఏం కనబడిందో నాకు రాయి, వచ్చే నెల దాని మీద మాట్లాడుకుందాం.